పదకొండో పేజీ

ఫిబ్రవరి 11

బోరా చలిగాలి మొదలై నాలుగో రోజు. పైకప్పు ఎగిరిపోకుండా పెట్టిన రాళ్ళు కూడా రాత్రంతా చప్పుడు చేశాయి. తెల్లవారగానే అన్న ద్రాగోతో కలిసి ద్రాక్ష కత్తిరింపుకు వెళ్ళాను. దిగువ మడిలో రెండు వరుసలు అయ్యాయి. మూడో వరుసలో నా వేళ్ళు కొంకర్లు పోయి కత్తెర జారింది. ద్రాగో చూశాడు. "నువ్వెళ్ళి లోకం ఎలా పుట్టిందో చూసుకో పో. ఇక్కడ నేను చూసుకుంటాలే" అన్నాడు. తొమ్మిదింటి బస్సుకు కొండ దిగి నేను పనిచేసే భౌతికశాస్త్ర సంస్థకు వెళ్ళాను.

మధ్యాహ్నానికి లెక్క తేలింది. ఆకుపచ్చ నోటుపుస్తకంలో నలభై ఒక్క పేజీలు, ఆరు వారాలు. చివరి పంక్తిలో గుర్తు మైనస్.

మా గ్రూపుకు ఇది మంచి కబురు కాదు. స్ట్రింగ్ సిద్ధాంతం పాత సమీకరణాలకు చేర్చే సవరణల్లో ఇది మూడోది. దీని ముందు ప్లస్ ఉంటే, కాలంలో వెనక్కి నడిచేకొద్దీ విశ్వం కుంచించుకుపోయి, ఒకచోట ఆగి, అవతల మళ్ళీ విచ్చుకుంటుంది. అప్పుడు దానికి మొదలంటూ ఉండదు, దీనికి ముందు ఇంకొకటి ఉండేదన్నమాట. మైనస్ ఉంటే ఎక్కడా ఆగదు. చుక్కలోకి కూలిపోతుంది, దాంతోపాటే మా సమీకరణాలూ. ప్లస్ వస్తుందని మా గ్రూపు పెద్ద ఫుల్వియో రెండేళ్ళుగా ఊరూరా తిరిగి చెబుతున్నాడు.

ఇదే లెక్కను మా గ్రూపులో ఒప్పందంమీద పనిచేసే బొనారియా విడిగా చేస్తోంది. ఒకరి కాగితాలు ఒకరం చూడకూడదు. చివర్లో ఒక్క పంక్తిని మాత్రం చీటీమీద రాసి పక్కపక్కన పెట్టాలి. ఇరవై ఏళ్ళ కిందట ఈ నియమం పెట్టింది నేనే. శుక్రవారం పోల్చుకుంటాం.

ఫిబ్రవరి 12

గాలి తగ్గలేదు. మూడో అంతస్తులో తలుపు తెరిచినప్పుడల్లా ప్రింటర్ దగ్గర కాగితాలు నేలపాలవుతున్నాయి. ఎవరివో ఏరి నా గదిలో పెట్టాను.

ఫిబ్రవరి 13

బొనారియావి. ఇచ్చెయ్యాలి. చివరి పేజీ పైనే ఉంది, కళ్ళు మూసుకుని మొయ్యలేను కదా. ఆమెకు ప్లస్.

నా లెక్క మొదటినుంచీ తిరగేశాను. సాయంత్రానికి ఇరవై తొమ్మిదో పేజీ దగ్గర అనుమానం తగిలింది. స్థలకాలం వంపును కొలవడంలో రెండు ఆనవాయితీలున్నాయి. పాతవాళ్ళు ప్లస్ అన్నదాన్ని మనవాళ్ళు మైనస్ అంటారు. వంపు రెండుసార్లు గుణించేచోట తేడా పడదు, మూడుసార్లు గుణించేచోట పడుతుంది. నేను ఎక్కడో పాత ఆనవాయితీ కలిపేసి ఉంటాను. ఎక్కడని వేలుపెట్టి చూపలేను. కానీ కలిపే ఉంటాను. యాభై తొమ్మిదేళ్ళు వచ్చాయి. ఆ అమ్మాయికి ముప్పై నాలుగు.

మైనస్‌మీద ఒక నిలువు గీత గీశాను. ప్లస్ అయింది.

ఫిబ్రవరి 14

ఫుల్వియో గదిలో పోల్చుకున్నాం. అతను అప్పటికే సీసా తెచ్చి కిటికీలో పెట్టుకున్నాడు. బొనారియా తన చీటీని నాలుగు మడతలు పెట్టి తెచ్చింది.

"తెరవండి, తెరవండి. పేకముక్కల్లా దాచుకుంటారేం?" అన్నాడు.

రెండూ ప్లస్. ఫుల్వియో నన్ను కౌగిలించుకున్నాడు. ముప్పై ఏళ్ళలో ఇది రెండోసారి. మొదటిది వాళ్ళ అమ్మ పోయినప్పుడు.

బొనారియా గోడకు ఆనుకుని నిలబడింది. "ప్రొఫెసర్ గారూ, నిజం చెబుతున్నాను, నా లెక్కమీద నాకు నమ్మకం లేదు. నిన్న రాత్రి కూడా నిద్రపట్టలేదు. మీకూ అదే వచ్చిందంటేనే నమ్ముతున్నాను" అంది.

"నమ్మొచ్చు" అన్నాను.

ఆమె కాగితాలు ఇవ్వడం ఈ హడావిడిలో కుదరలేదు.

ఫిబ్రవరి 26

కొత్త వ్యాసాలు రోజూ బయటపెట్టే అంతర్జాల జాబితాకు మా వ్యాసం పంపాం. న్యూయార్కులో మధ్యాహ్నం రెండు, మనకు సాయంత్రం ఎనిమిది. ఆ గంట కొట్టిన క్షణాన ముందుగా చేరిన వ్యాసమే మర్నాటి జాబితాలో పైన ఉంటుంది. పైనున్నదాన్నే అందరూ చదువుతారు. విశ్వం ఎలా మొదలైందని అడిగేవాళ్ళు ఇలా మీట దగ్గర వేలు పెట్టుకుని సెకన్లు లెక్కపెడుతుంటారు.

ఏడున్నరకు బొనారియా అంది: "రెండు రోజులు ఆగుదామండీ. ఆ లెక్క ఉన్న అనుబంధం ఇంకొక్కసారి చూస్తాను."

"మళ్ళీ దేనికి? విల్యెమ్ చూశాడుగా" అన్నాడు ఫుల్వియో. "ఏరా, చూశావా లేదా?"

"చూశాను" అన్నాను.

జాబితాలో రెండోది వచ్చింది. కొరియావాడెవడో మాకన్నా ముందు మీట నొక్కాడు. ఫుల్వియో భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయాడు.

పేర్లు ఎప్పటిలాగే అక్షరక్రమంలో: ఫుల్వియో కొస్సుత్తా, బొనారియా దెయానా, చివర నేను, జెర్యాల్. మా రంగంలో ఎవరు ఎంత చేసినా అక్షరక్రమమే. మా ఇంటిపేరు రోమన్ లిపిలో ఆఖరి అక్షరంతో మొదలవుతుంది. లోకమంతా 'కొస్సుత్తా తదితరులు' అంటుంది. ముప్పై ఏళ్ళుగా నేను తదితరుణ్ణి.

మార్చి 9

ఎండ. బాదం పూసింది. ద్రాగో ఎనిమిది రోజులపాటు ముంగిట్లో వైన్ అమ్మకం తెరిచాడు. అమ్మకం తెరిచామని తెలిసేలా పొద్దున నాలుగుదారుల దగ్గర ఐవీ తీగ కొమ్మ కట్టొచ్చాను. బల్లలు మోశాను, గుడ్లు ఉడకబెట్టాను. మధ్యాహ్నం బొనారియా వచ్చింది. నా భార్య నివెస్ పిలిచిందట, నాకు చెప్పలేదు.

కాల్యరి విశ్వవిద్యాలయంలో ఉద్యోగానికి పిలుపు వచ్చిందని చెప్పింది. మే 20న ఇంటర్వ్యూ. ఒకటే ఖాళీ. ఈ వ్యాసం వల్లే పిలిచారు. తొమ్మిదేళ్ళలో ఐదు ఊళ్ళు, ఐదు ఒప్పందాలు. ఇక్కడి ఒప్పందం జూన్ ఆఖరుకు ముగుస్తుంది. ఇది వస్తే తను పుట్టిన ద్వీపానికే తిరిగి వెళ్ళొచ్చు, అమ్మకు గంట దూరం.

"రాకపోతే?" అని నివెస్ అడిగింది.

"రాకపోతే ఇక ఎక్కడికీ వెళ్ళనమ్మా. మా ఊరివైపే నూఒరోలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతాను. పెట్టె సర్దీ సర్దీ విసుగొచ్చింది."

ద్రాగో మా ఎర్ర వైన్ తెరానో పోస్తూ నన్ను ఆటపట్టించడం మొదలుపెట్టాడు. "ఒరేయ్ ప్రొఫెసరూ, లోకం పుట్టి పదమూడు వందల ఎనభై కోట్ల ఏళ్ళంటావు. మన తాత పుట్టింది చర్చి రిజిస్టర్లో ఒక ఏడు, సమాధిమీద ఒక ఏడు. ముందు అది తేల్చరా."

"మీరు ఏది నమ్ముతారు?" అని బొనారియా అడిగింది.

"సమాధినే. రాతిమీద చెక్కింది ఇంకెవడు దిద్దుతాడమ్మా?"

ఆమె నవ్వి వాళ్ళ ఇంటి సంగతి చెప్పింది. వాళ్ళ నాన్నకు నాలుగు వందల గొర్రెలు. సాయంత్రం దొడ్డికి తోలేటప్పుడు గేటుకు ఒక పక్క నాన్న, ఇంకో పక్క అమ్మ నిలబడి విడివిడిగా లెక్కపెట్టేవాళ్ళట. రెండు అంకెలు కలవకపోతే కలిసేదాకా భోజనం లేదు. "మీ నియమం నాకు కొత్తేం కాదు ప్రొఫెసర్ గారూ. పుట్టిందే అందులో."

"ఆకలేసినప్పుడు మీ అమ్మ మీ నాన్న అంకె విని, నాకూ అంతేనని అనెయ్యదూ?" అన్నాడు ద్రాగో.

"అంటే గొర్రె కొండమీద ఉండిపోతుంది కదండీ."

హామ్ అయిపోయిందని లోపలికి వెళ్ళాను. కోస్తూ కాసేపు అక్కడే ఉన్నాను.

మార్చి 10

ఆమె కాగితాలు నా సొరుగులోనే ఉన్నాయి. ఇప్పుడు ఇస్తే ఇన్నాళ్ళూ ఎక్కడున్నాయని అడుగుతుంది.

మార్చి 27

వాన. బెర్గెన్ నుంచి హల్వర్సెన్ అనే అతను ముగ్గురికీ ఉత్తరం రాశాడు. మర్యాదగానే రాశాడు. మా అనుబంధంలో గుర్తు తిరగబడిందేమోనని అనుమానమట, తనకు మైనస్ వస్తోందట.

"పొద్దు తెలియని దేశంవాడు, వాడికేం తెలుసు" అన్నాడు ఫుల్వియో.

జవాబు బొనారియా రాసింది. నాకు చూపించింది. 'ఈ పదాన్ని ఇద్దరం పూర్తిగా విడివిడిగా లెక్కించాము. ఫలితాలు కలిశాయి. ఒకే తప్పు ఇద్దరం చేసే అవకాశం లేదు.'

బాగుందన్నాను. ఒక కామా చేర్చాను.

ఏప్రిల్ 3

పొద్దున తీగలు కట్టాం. ఎనభై గుంజలు.

బొనారియా మూడు రోజులుగా ఇంటికి వెళ్ళి పడుకున్నట్టు లేదు. తప్పు హల్వర్సెన్‌దేనని చూపడానికి అతని లెక్కంతా మళ్ళీ చేసింది. అందులో తప్పు దొరకలేదు. ఇప్పుడు మేం మొదలుపెట్టిన సూత్రాన్నే అనుమానిస్తోంది. దాని వెనకనున్న పాత వ్యాసాలు తవ్వుతోంది. ఒక్కచోటు తప్ప అన్నీ వెతుకుతోంది. ఆ ఒక్కచోటా ఇద్దరి లెక్కా కలిసింది కాబట్టి అక్కడ తప్పుండదని గిరి గీసి పెట్టుకుంది.

తెలివైన పిల్ల. తనే కనుక్కుంటుంది. నేను మధ్యలో తలదూర్చడం బాగుండదు.

ఏప్రిల్ 11

మెట్లమీద పట్టుకుంది. "ప్రొఫెసర్ గారూ, మీ నోటుపుస్తకం ఒకసారి ఇస్తారా? వ్యాసం బయటికి వచ్చేసింది కదా, ఇప్పుడు చూసినా నియమం తప్పినట్టు కాదు. పంక్తి పంక్తి పోల్చుకుంటాను."

ఇంట్లో ఉందన్నాను. నిజమే, ఇంట్లోనే ఉంది.

ఏప్రిల్ 14

కత్తిరించిన ద్రాక్ష కొమ్మలు కాల్చేటప్పుడు పాత కాగితాలతోపాటు అదీ మంటలో పడిపోయిందని చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది. నాకోసం బాధపడింది. "అయ్యో, ఆరు వారాల పని" అంది.

మళ్ళీ సాపుగా రాసిస్తానన్నాను. అలా అనాలని ముందు అనుకోలేదు.

ఏప్రిల్ 21

ఈస్టర్ సోమవారం. ఎండా గాలీ. అందరూ పొలాల్లోకి తిండి పట్టుకుని వెళ్ళారు. నేను వెళ్ళలేదు. వంటింటి బల్లమీద కూర్చుని ఇరవై రెండు పేజీలు రాశాను. ప్లస్ వచ్చే దారి నాది కాదు కాబట్టి ఆమె కాగితాలు పక్కన పెట్టుకోక తప్పలేదు. అక్షరాలు మార్చాను. ఆమె ఆల్ఫా అన్నచోట నేను లాంబ్డా అన్నాను. మొదటి రెండు పేజీల వరుస తిప్పాను.

నివెస్ రొట్టె కోసుకోవడానికి వచ్చింది. "పండగపూట ఏం రాస్తున్నావు?"

"లెక్క."

"దేన్నో చూసి రాస్తున్నావు."

"నా లెక్కే. సాపు రాస్తున్నాను."

"ముప్పై రెండేళ్ళు పిల్లలకు పాఠం చెప్పాను విల్యెమ్. చూసి రాసే చెయ్యి నాకు తెలుసు. ఎక్కడా ఆగదు" అని రొట్టె తీసుకుని వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 24

ఇచ్చాను.

ఏప్రిల్ 28

బొనారియా గదికి వచ్చింది. కళ్ళకింద నలుపు తగ్గింది. "రెండేసి పేజీలు వదిలేసుకుంటూ చూశాను ప్రొఫెసర్ గారూ. ఎక్కడ చూసినా కలుస్తోంది. ఇక హల్వర్సెన్ ఏమైనా అననీ. ఇంటర్వ్యూలో దీనిమీదే మాట్లాడతాను" అంది. ఒక డబ్బా ఇచ్చింది, వాళ్ళ అమ్మ పంపిన గొర్రెపాల జున్ను.

బాగుంది జున్ను. ఉప్పెక్కువ.

మే 15

హల్వర్సెన్ వ్యాసం జాబితాలోకి వచ్చింది. మైనస్. నేను నలభై ఒక్క పేజీల్లో చేసింది అతను ఎనిమిది పేజీల్లో చేశాడు. దారి అదే. నా ఇరవై తొమ్మిదో పేజీ అతని ఆరో పేజీ. అందులో తప్పేం లేదు. అప్పుడూ లేదు.

పాత ఆనవాయితీ కలిపింది బొనారియా. డెబ్భైల నాటి వ్యాసంలోంచి ఒక సూత్రం తెచ్చుకుని గుర్తు మార్చడం మరిచిపోయింది. మా రంగంలో అందరూ ఎప్పుడో ఒకప్పుడు చేసే తప్పే.

ఈ లోకంలో ఈ గుర్తు అందరికంటే ముందు సరిగ్గా కట్టినవాణ్ణి నేను. ఫిబ్రవరి 11. నోటుపుస్తకంలో తేదీ ఉంది. హల్వర్సెన్ కంటే మూడు నెలలు ముందు.

మే 16

అటకమీది పెట్టెలోంచి పుస్తకం తీసి చూశాను. మైనస్ నీలం సిరా, నిలువు గీత నల్ల సిరా. రబ్బరు పెట్టి చూశాను. కాగితం లేచింది.

చెప్పుకోవడానికి కూడా లేకుండా చేసుకున్నాను. ఇందులో ఫుల్వియో తొందర లేదా? ఉంది. అక్షరక్రమంలో మొదటివాడు అతనేగా, ముందు అతన్నే అడగాలి.

మే 18

ఆదివారం. మబ్బు. ద్రాక్షకు చిగురు తుంచాం. బొనారియా విమానం రేపు పొద్దున.

సాయంత్రం ఆరింటికి ఫోను చేశాను. మొదటి మోతకే ఎత్తింది.

"ప్రొఫెసర్ గారూ! నేనే చేద్దామనుకుంటున్నాను. హల్వర్సెన్ వ్యాసం చూశారుగా? ఎంపిక సంఘంలో ఒకాయన అతని స్నేహితుడట. అడుగుతాడు. నేను ఒక్కటే చెబుతాను, ఇద్దరం విడిగా చేశామని. చాలంటారా?"

చలువ పెట్టె మోత వినబడుతోంది. నివెస్ ఎదురుగా కూర్చుని చిక్కుడు గింజలు ఏరుతోంది. తల ఎత్తలేదు, కానీ చెయ్యి ఆగింది.

"గట్టిగా మాట్లాడు. నువ్వు మాటల చివర గొంతు తగ్గిస్తావు" అన్నాను.

"సరేనండీ. ఇంకేమైనా చెప్పాలా?"

"అక్కడ ఎండగా ఉంటుంది. టోపీ పెట్టుకో."

నవ్వింది. పెట్టేసింది. నివెస్ చిక్కుళ్ళ గిన్నె తీసుకుని వసారాలోకి వెళ్ళిపోయింది.

ఇంటర్వ్యూకు రెండు రోజుల ముందు చెబితే పిల్ల బెదిరిపోదా? అందుకే చెప్పలేదు.

మే 20

పొద్దున బస్సు రాలేదు. నడిచాను.

మే 23

ఫుల్వియో చెప్పాడు. అతనికి కాల్యరిలో తెలిసినవాళ్ళున్నారు.

ఇరవై నిమిషాలు బాగా మాట్లాడిందట. తర్వాత హల్వర్సెన్ స్నేహితుడు లేచి, నల్లబల్లమీద ఆ పాత సూత్రం రాసి, ఇది ఏ ఆనవాయితీలో ఉంది అమ్మాయీ అని అడిగాడట. ఆమె చూసిందట. చాలాసేపు చూసిందట. అతను అక్కడితో వదిలెయ్యొచ్చు, వదల్లేదు. "మరి రెండో వ్యక్తి విడిగా చేసినప్పుడు కూడా ఇదే మరిచిపోయాడా?" అన్నాడట. గదిలో ఎవరో నవ్వారట. బొనారియా, "ప్రొఫెసర్ జెర్యాల్ అలాంటివి మరిచిపోరు. తప్పు ఇంకెక్కడో ఉండాలి" అందట.

ఉద్యోగం పీసా నుంచి వచ్చినవాడికి వెళ్ళింది.

"మనిద్దరికీ ఏముందిలే, ముసలాళ్ళం" అన్నాడు ఫుల్వియో. "నీకు మాత్రం ఆ గుర్తు ఎలా తప్పిందిరా? నలభై ఏళ్ళు చేశావు."

"వయసు" అన్నాను. అతను నా భుజం తట్టాడు.

జూన్ 3

ఉక్క. కిటికీలన్నీ తీసినా గాలి లేదు. బొనారియా రెండు కట్టలు పట్టుకుని వచ్చింది. ఒకటి నేను రాసిచ్చిన సాపు ప్రతి. తలుపు వేసింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఈసారి ఏదీ వదలకుండా చదివాను. మీ పదకొండో పేజీలో మూడు బై పదహారు అని ఉంది."

"చూపించు. ఎనిమిది అనాలి. చేతి పొరపాటు."

"పన్నెండో పేజీలో మళ్ళీ ఎనిమిదే వాడారు."

"చెప్పానుగా, చేతి పొరపాటు."

"చేతిదే. నా చేతిది. ఫిబ్రవరి పన్నెండున ప్రింటుకు కొట్టాక చూసుకున్నాను, ఎనిమిది బదులు పదహారు పడింది. పరిగెత్తుకుని ప్రింటర్ దగ్గరికి వెళితే కాగితాలు లేవు. గాలికి పోయాయనుకున్నాను. దిద్ది మళ్ళీ తీశాను. వ్యాసంలో ఎనిమిదే ఉంది. ఆ పదహారు ఉన్న ప్రతి ఒక్కటే, అది ఎవరికీ ఇవ్వలేదు."

నేను కిటికీ వైపు చూశాను. కింద కేంటీన్‌వాళ్ళు కుర్చీలు కడుగుతున్నారు.

"ఎందుకు అని అడగడానికి రాలేదు. పని చెడ్డాక దానితో ఏం లాభం? ఒక్కటి చెప్పండి చాలు. నా కాగితాలు చూడకముందు మీకేం వచ్చింది?"

జవాబు ఒకే ఒక్క మాట. నోటిదాకా వచ్చింది. మైనస్ అంటే ఆమె మార్చి నుంచి వెతికిన వెతుకులాటంతా నావల్లే వృథా అయిందని అర్థం. ప్లస్ అంటే ఇద్దరం వెర్రివాళ్ళం, అంతే.

"గుర్తులేదు. ప్లస్ అనే అనుకుంటాను" అన్నాను.

వాళ్ళ నాన్న గేటు దగ్గర గొర్రెను చూసినట్టు నన్ను చూసిందనుకుంటాను. "మా అమ్మానాన్నలు తిండి లేకుండా పడుకున్న రోజులున్నాయి" అంది. సాపు ప్రతి బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది.

ఒక్క మాటకు ఇంత రాద్ధాంతమా? ఉద్యోగం ఎలాగూ పోయిందిగా.

జూన్ 4

గుర్తుంది.

జూన్ 11

వ్యాసం వెనక్కి తీసుకున్నాం. ప్రకటన బొనారియాయే రాసింది, మూడు పంక్తులు. 'అనుబంధంలోని గుర్తు తప్పు. పాత సూత్రాన్ని ఆనవాయితీ మార్చకుండా వాడినందువల్ల జరిగింది. ఈ తప్పు రెండో రచయితది.' అక్షరక్రమంలో రెండో రచయిత తనే.

నా పేరు ఎక్కడా లేదు. తదితరుణ్ణి కూడా కాను.

"ధైర్యం గల పిల్ల" అన్నాడు ఫుల్వియో. హుషారుగా ఉన్నాడు. మైనస్‌తో కూడా విశ్వం ఆగేలా చెయ్యడానికి నాలుగో సవరణ చూద్దామంటున్నాడు. కొత్త మనిషిని వెతకాలట, నన్ను విడిగా సరిచూడమన్నాడు. సరేనన్నాను.

జూన్ 15

భోజనాల దగ్గర నివెస్ అడిగింది: "ఆ పిల్లకు చెప్పావా?"

"ఆమెకు తెలుసు."

"తెలుసా అని అడగలేదు. చెప్పావా అన్నాను."

ద్రాగో ఇద్దరివైపూ చూసి, యోత పులుసు మరికాస్త వడ్డించుకుని, "వాన పడేట్టుంది. ద్రాక్షకు కొట్టే మందు సిద్ధం చేసుకోవాలి" అన్నాడు.

జూన్ 26

వీడ్కోలుకు కేంటీన్‌లో కేకు కోశారు. నేను తీసుకోలేదు, చక్కెర ఉంది నాకు. నూఒరోలో వేసవి బడికి మంగళవారం నుంచే రమ్మన్నారట. అందరికీ చెయ్యి కలిపింది. నా దగ్గరికి వచ్చి, "ఆరోగ్యం చూసుకోండి ప్రొఫెసర్ గారూ" అంది. మర్యాదలో ఏ లోటూ లేదు.

జూన్ 28

నిన్న రాత్రి పెద్ద వాన. పొద్దున్నే ఎండ కాసింది. ఇలాంటప్పుడే ఆకుకు బూజు పడుతుంది. ద్రాగోతో కలిసి మైలుతుత్తం కలిపాను. పీపా వీపుకెత్తుకుని ఎగువ మడినుంచి మొదలుపెట్టాను. పదకొండింటికి దిగువ మడి అయింది. చేతులూ చొక్కా నీలం.

నివెస్ ఏడింటి బస్సుకు కిందికి వెళ్ళింది. చేతిలో సంచి, అందులో హామ్ కట్ట, తెరానో సీసా. బొనారియాకు రైలు దగ్గర ఇచ్చి వస్తానంది. నన్ను రమ్మనలేదు.

చేతులు కడుక్కుని అటక ఎక్కాను. పెట్టెలో ఆకుపచ్చ నోటుపుస్తకం లేదు.

నివెస్ పదకొండున్నర బస్సుకు తిరిగి వచ్చింది. ఖాళీ సంచి మడిచి మేకుకు తగిలించింది. మధ్యాహ్నం అందరం నిద్రపోయాం.

బొనారియా దెయానా పొద్దున 8.44 వెనిస్ రైలుకు వెళ్ళిపోయింది.